నాలుగో నంబరు మారు సెట్టు

మా హాల్లో రెండు టీవీలున్నాయి. ఒకటి గోడకి, నలభై అంగుళాలది, పలకలా పల్చగా ఉంటుంది. రెండోది దాని కిందే స్టూలు మీద, ఇరవై ఒక్క అంగుళాల పాత డబ్బా టీవీ. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ రెండెందుకండీ అంటారు, దీన్నింకా పారెయ్యలేదా అని కూడా అంటారు. అడిగిన తీరును బట్టి నేను ఊరుకోవడమో, ఎదురు ప్రశ్న వెయ్యడమో చేస్తాను. ఆదివారం పొద్దున్న మాత్రం ఆ పాతదాన్ని ఓ గంట పాటు వేస్తాను. పది నిమిషాలయ్యేసరికి దాని వెనక చిల్లుల్లోంచి వేడెక్కిన దుమ్ము వాసన, ఆ వెనకే కాలిన గుగ్గిలం వాసన మెల్లిగా బయటికొస్తాయి. ఆ వాసన కోసమే నువ్వు దాన్ని వేస్తావని మా ఆయన అంటాడు. తప్పు. వెయ్యకపోతే చెమ్మెక్కుతుందని మా చిన్నాన్న చెప్పాడు కాబట్టి వేస్తాను. వాసన దానంతటది వస్తుంది.

దాని వీపు మీద తెల్ల పెయింటుతో 'మారు 4' అని రాసి ఉంటుంది. ఆ రాత మా చిన్నాన్నది.

టెక్కలిలో మా ఇంటి వీధి గది మాది కాదు, రేడియోలది. మా నాన్న బడిపంతులు, ఆయన తమ్ముడు సింహాచలం రేడియో మెకానిక్కు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు గానీ పెరటి వైపు సంసారం మా అమ్మదీ పిన్నిదీ, వీధి వైపు సంసారం చిన్నాన్నది. గుమ్మం దాటితే ఒక వైపు చోడి అంబలి వాసన, ఇంకో వైపు సోల్డరింగు పొగ. ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి గుగ్గిలంలో ముంచి, ఆ కొసతో సీసం తీగని తాకేవాడు. చుయ్యిమని పొగ లేచి గది గదంతా సాంబ్రాణి వేసినట్టయ్యేది. మరమేకులు కొబ్బరి చిప్పల్లో ఉండేవి, ఏ చిప్పలో ఏ రేడియో మేకులో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. రేడియో విప్పగానే ముందు దాని కడుపులోకి ఊదేవాడు, తర్వాత మా తాత పాత పంచె ముక్కతో తుడిచేవాడు, ఆ తర్వాతే రోగం సంగతి. భావనపాడు వైపు నుంచి వచ్చిన సెట్లయితే లోపలి ఇత్తడి ముక్కలన్నీ పచ్చగా పాచి పట్టి ఉండేవి. వాటిని చూసి "సముద్రం లోపలికొచ్చేసినాది" అనేవాడు, ఇంటికి చుట్టమొచ్చాడని చెప్పినంత మామూలుగా.

మా ఆటవస్తువులన్నీ ఆ గది చెత్తబుట్టలోంచి వచ్చినవే. చచ్చిన స్పీకర్ల అయస్కాంతాలు, రంగు గీతల చిన్న చిన్న ముక్కలు, రాగి తీగలు. ఆ రంగు ముక్కల్ని తీగకి గుచ్చి మెళ్ళో వేసుకుని బడికెళితే పంతులు కూతురన్న మర్యాద కూడా లేకుండా అందరూ నవ్వారు. మర్నాటికి నవ్వినవాళ్ళే నాకొకటి, నాకొకటి అని చుట్టూ చేరారు. అయిపోయిన బ్యాటరీల్ని పగలగొట్టి లోపలి నల్ల కడ్డీ తీసి గోడల మీద బొమ్మలు గీసేవాళ్ళం. ఎండాకాలం డాబా మీద ఒక పక్క పిన్ని ఆవకాయ ముక్కలు, మరో పక్క చిన్నాన్న నీరసించిన బ్యాటరీలు వరసగా ఎండలో ఉండేవి, కాస్త ప్రాణం పోసుకుంటాయని. జీడిమామిడి పళ్ళ రోజుల్లో బేరాలకొచ్చినవాళ్ళ చేతులు జిగురుగా ఉండి రేడియో చక్రాలు అతుక్కుపోయేవి, చలికాలమంతా తేగల పీచు బల్ల కింద దొరుకుతుండేది. దసరా నాడు స్క్రూడ్రైవర్లకీ, కడ్డీకీ, మీటరుకీ పసుపు రాసి బొట్లు పెట్టి, పులిహోరా నానబెట్టిన శనగలూ వాటి ముందు పెట్టి, హారతి అవగానే షాపులో ఉన్న సెట్లన్నీ, అమ్మాల్సినవీ బాగుచెయ్యాల్సినవీ కలిపి, ఒకే స్టేషనుకి తిప్పి ఒక్కసారిగా వేసేవాడు. పది, పన్నెండు గొంతులు ఒకే మాట మాట్లాడుతుంటే వీధి చివర ఆవులు కూడా తలెత్తి చూసేవి. ఏ సెట్టయినా పలక్కపోతే దాన్ని పక్కకి తీసి, మర్నాడు మొదట దాన్నే విప్పేవాడు.

ఇక మారు సంగతి. గోడకి పైన ఒక చెక్క బల్ల, దాని మీద నాలుగు పాత రేడియోలు, వీపుల మీద తెల్ల పెయింటుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు. రేడియో బాగు చేయించుకోవడానికి ఎవరొచ్చినా వాళ్ళది ఇక్కడ పెట్టించుకుని వీటిలో ఒకటి చేతికిచ్చేవాడు. తమది బాగయిన రోజున ఇది తెచ్చిచ్చి అది పట్టుకెళ్ళాలి. కాగితం లేదు, సంతకం లేదు. ఊళ్ళో ఇంకో రెండు షాపులున్నాయి గానీ వాళ్ళకి ఈ అలవాటు లేదు. చిన్నాన్న ఎందుకు మొదలుపెట్టాడంటే, ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళు. గాలి ఎలా ఉంటుందో, వెళ్ళొచ్చో కూడదో రేడియోలో చెబితే విని తెప్ప దించేవారు. వాళ్ళింట్లో రేడియో మూగబోతే పాటలు ఆగడం కాదు, పని ఆగుతుంది.

ఇది నాకు అప్పుడు తెలియదని కాదు, తెలుసు. తెలిసే చేశాను. పదకొండేళ్ళ నాకు అప్పటికే ప్రతిదానికీ కారణాలు చెప్పే జబ్బుండేది. మారు సెట్లు తిరిగొచ్చేటప్పుడు చేపల కంపుతో, పొలుసులతో, ఒక్కోసారి చక్రం ఊడిపోయి వచ్చేవి. వాటిని తుడిచే పని నాది. అది నాకు మంట.

ఒక కార్తీక మాసం పొద్దున్న, చిన్నాన్న సామాన్లకని విశాఖపట్నం వెళ్ళాడు. బల్ల దగ్గర నేనున్నాను. భావనపాడు నీలమ్మ చేపల గంప మెట్టు కింద దింపి, కొంగులో చుట్టిన రేడియో తీసి బల్ల మీద పెట్టింది. ఆమె మొగుడూ, మరుదులూ అంతా ఒక వాడకట్టు. ఆ పన్నెండిళ్ళకీ ఆ ఒక్క రేడియోనే.

"అమ్మీ, ఇది పలకడం నేదు. మీ సిన్నాన్నొచ్చినాక సూడమను. ఆ మారుదొకటి ఇయ్యి" అంది.

రేడియో తిప్పి చూశాను. మా షాపు చీటీ లేదు. "ఇది మా దగ్గర కొన్నదేటి?" అన్నాను.

"నేదు. మా తమ్ముడు కలకత్తా నుంచి తెచ్చినాడు."

"అలగైతే మారు కూడా కలకత్తానే అడుగు."

నీలమ్మ నన్నూ, పైన బల్ల మీదున్న మూడో నంబరునీ నాలుగో నంబరునీ మార్చి మార్చి చూసింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే చెప్పడానికి ఇంకో రెండు కారణాలు సిద్ధంగా ఉంచుకున్నాను. "కలకత్తా దూరమే అమ్మీ. సముద్రం దగ్గర" అని, రేడియోని అక్కడే వదిలేసి గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. వాదన గెలిచానని సాయంత్రం దాకా సంబరంగానే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం బస్సుకి చిన్నాన్న వచ్చాడు. బల్ల మీద రేడియో చూశాడు, పైన నాలుగో నంబరు చూశాడు. "మారు ఇచ్చినావా?" అన్నాడు. నేను కారణాలన్నీ వరసగా చెప్పాను. మన దగ్గర కొన్నది కాదు, లాభం కలకత్తా షాపువాళ్ళదైతే మారు మనమెందుకివ్వాలి, పైగా కంపు. ఆయన పూర్తిగా విన్నాడు. అన్నం కూడా తినకుండా నాలుగో నంబరు దింపి, కొత్త బ్యాటరీలు వేసి, తువ్వాలులో చుట్టి నా ఒళ్ళో పెట్టి, నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టాడు.

నౌపడ దాటేసరికి ఉప్పు మడుల మధ్య తెల్లగా కుప్పలు, ఎండ వాటి మీద పడి కళ్ళల్లో పొడిచింది. దారంతా ఆయన తిడతాడని చూశాను. తిడితే జవాబు చెప్పొచ్చు. తిట్టని మనిషితో ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. భావనపాడు చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. తెప్పలన్నీ ఇసక మీద ఎండిపోయి ఉన్నాయి. మగవాళ్ళు వలలు ముందేసుకుని కూర్చున్నారు గానీ చేతులు ఆడటం లేదు. ముందు రోజు గాలి మారినట్టు అనిపించిందట, రేడియో లేదు, ఎవరి మాట వాళ్ళు చెప్పుకుని చివరికి ఎవరూ వెళ్ళలేదు. ఆ వేళ పన్నెండిళ్ళలో కూర లేదు.

చిన్నాన్న నన్ను దింపి "ఇయ్యి" అన్నాడు. నేనే వెళ్ళి నీలమ్మ చేతికిచ్చాను. వార్తల వేళకి అందరూ చుట్టూ చేరారు. ఆ పాత సెట్టు చక్రం తిప్పి స్టేషను పట్టే కిటుకు నాకు తెలుసు, నేనే పట్టాను. సముద్రం మామూలుగా ఉంటుందనీ, వేటకి అడ్డం లేదనీ చెప్పారు. ముందు రోజు కూడా అదే చెప్పి ఉంటారు. ఒక ముసలాయన నవ్వి లేచిపోయాడు. నాకు ఆకలేస్తుందేమోనని నీలమ్మ గంజన్నంలో ఉప్పూ ఉల్లిపాయా వేసి తెచ్చింది. అక్కడి పిల్లలతో కలిసి జేబులోంచి అయస్కాంతం తీసి ఇసకలో ఈడ్చాను. నల్ల ఇసక గొంగళిపురుగులా లేచి నిలబడింది.

తిరిగొచ్చేటప్పుడు ఉప్పు కుప్పల దగ్గర చిన్నాన్న ఒకే మాట అన్నాడు. "ఎవరి దగ్గర కొన్నారని కాదే అమ్మీ. ఇంట్లో పలకాల. అంతే."

తర్వాత రేడియోలు పోయి టీవీలొచ్చాయి. మా నాన్న వేరే ఇల్లు కట్టుకున్నాడు, నాకు పెళ్ళయింది, వీధి గది మాత్రం అలాగే ఉంది. పైన బల్లని వెడల్పు చేసి చివరి రెండు రేడియోల చోట రెండు టీవీలు పెట్టాడు, వాటి నంబర్లే మళ్ళీ తెల్ల పెయింటుతో, మూడు, నాలుగు. నేను చదువుకుని అదే ఊళ్ళో ఇంటరు పిల్లలకి అర్థశాస్త్రం చెబుతూ, షాపు పక్క సందులోనే కాపురమున్నాను. ఫోన్లో వస్తువులు కొనడం మొదలైన రోజులు నా కళ్ళ ముందే వచ్చాయి. జనం షాపుకొచ్చి టీవీ వేయించుకుని, అటు తిప్పు ఇటు తిప్పు అని చూసి, దాని నంబరు ఫోటో తీసుకుని వెళ్ళేవారు. నాలుగు రోజులకి గోడకి బిగించమని మళ్ళీ ఆయన్నే పిలిచేవారు. ఆయన వెళ్ళి బిగించేవాడు. ఒకసారి ఒక బ్యాంకు గుమస్తాని ఆ షాపు మెట్ల మీదే నిలబెట్టి కడిగేశాను. చూడటానికి ఈ షాపు, కొనడానికి ఇంకోటా అని. చిన్నాన్న లోపలి నుంచి "ఒగ్గెయ్యే" అన్నాడు.

ఆ తర్వాతి శ్రావణమాసం తగ్గింపుల్లో ఫోన్లో నేనే ఒక టీవీ కొన్నాను. ఇదేమిటి నువ్వే, అన్నాడు మా ఆయన. ధరల పోటీ, వినియోగదారుడి హక్కు, పాఠం మొత్తం అప్పజెప్పాను. వాదనలో ఎప్పుడూ నేనే గెలుస్తాను. చిరునామాలో గుర్తు కోసం 'సింహాచలం రేడియో షాపు పక్క సందు' అని రాయడం మాత్రం మరిచిపోలేదు. తెచ్చిన మనిషి సందు దాకా రాకుండా షాపులోనే దింపేసి పోయాడు. చిన్నాన్న ఫోను చేశాడు. "నీ పార్సిలొచ్చినాది. డబ్బా సూస్తే టీవీయే గావాల. ఆటోలో ఎక్కించి పంపుతన్నాను" అన్నాడు. కొక్కేలు కొట్టడానికి ఆయన్ని పిలవడానికి నోరు రాక వేరే మనిషిని పిలిపించాను.

నలభై రోజులకి అది నల్లబడింది. ఫోను చేస్తే ఎక్కడిదో మర్యాదైన గొంతు, ఈ అంకె నొక్కండి, ఆ అంకె నొక్కండి, మనిషి వస్తాడు, వేచి ఉండండి. అలా నేను కూడా కలకత్తాను అడగడం మొదలుపెట్టాను. మంచం మీదున్న మా అత్తగారికి రోజంతా టీవీయే ప్రపంచం. మాటిమాటికీ నల్లటి గోడకేసి చూసేది. పిన్నికి ఆ మాట ఎవరు చేరవేశారో తెలియదు. మూడో రోజు ఆటో ఆగింది. చిన్నాన్న ముందు దిగి, వెనక సీట్లోంచి నాలుగో నంబరు దింపించాడు. స్టూలు ఆయనే జరిపి, కేబులు పెట్టె రంగు తీగలు మూడూ గుచ్చి, కళ్ళజోడు పైకెత్తి బొమ్మ సరిచేశాడు.

"నీ దగ్గర కొన్నేదు గదా సిన్నాన్నా" అన్నాను.

"అందుకే నన్ను పిలవలేకపోయినావు గావాల" అన్నాడు, బొమ్మకేసే చూస్తూ. అత్తగారిని, పలుకుతన్నాదా అప్పా, అని అడిగి, టీ తాగి, ఈ దసరాకి పూజ చేసి మూసేస్తానని, పై బల్ల మీద ఇదొక్కటే మిగిలిందని చెప్పి వెళ్ళిపోయాడు.

కంపెనీ మనిషి వచ్చేసరికి పదమూడో రోజు. పది నిమిషాల్లో ఏదో పలక మార్చి వెళ్ళాడు. నాలుగో నంబరుని దుప్పటిలో కట్టి ఆటో పిలిచేసరికి దసరా దాటింది, షటరు వేసేసి ఉంది. పెరటి దారిన వెళ్ళి ఇస్తే చిన్నాన్న పుచ్చుకోలేదు.

"నా ఇంట్లో ఎట్టుకుంటే అది ఉత్తి టీవీయే. మారు అనాలంటే ఇచ్చినోడొకడు, పుచ్చుకున్నోడొకడు ఉండాల గదా. అట్టుకెల్లు. వారానికోసారి ఏస్తుండు, నేపోతే సెమ్మెక్కుతాది."

దాన్ని మళ్ళీ దుప్పటిలో కట్టాను. తర్వాత అదే ఆటో ఎక్కాను.

షాపు బోర్డు దింపేశారు, కొక్కేలు మాత్రం గోడకి ఉన్నాయి. నా పార్సిళ్ళ మీద ఇప్పటికీ పాత గుర్తే ఉంటుంది. తెచ్చేవాళ్ళు ఆ షాపెక్కడ మేడమ్ అని ఫోను చేస్తారు, షటరేసి ఉన్నదే అని చెబుతాను. ఊళ్ళో ఎవరింట్లో ఏది ఆగినా ఇప్పుడు అంకెలు నొక్కి కూర్చోవడమే. మన సెట్టు బాగయిన రోజున మారుది తిరిగివ్వాలి, ఆ షాపుకున్న నియమం అదొక్కటే. నాలుగో నంబరు మా ఇంటికొచ్చి రెండేళ్ళు దాటింది. నేనింకా తిరిగివ్వలేదు.