అక్కా నేనూ మింగిన మాత్రలు

హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్షల్లో నాకు హెపటైటిస్ సి ఉన్నట్టు బయటపడింది. అప్పటికి నాకు యాభై దాటాయి. బళ్లారి బజారులో నాన్న పెట్టిన పాత్రల అంగట్లో రోజంతా కూర్చునేవాణ్ణి. సాయంత్రానికి ఒళ్లు బరువెక్కేది. వయసు మీద పడుతోందిలే అనుకున్నానే తప్ప, కాలేయంలో ఒక వైరస్ ఏళ్ల తరబడి కాపురం ఉంటోందని ఎట్లా తెలుస్తుంది?

డాక్టరమ్మ కన్నడ మనిషి. నా ముఖం చూసి ముందు "భయ పడబేడ్రి" అని, భయపడొద్దని కన్నడంలో ధైర్యం చెప్పింది. తరవాత తెలుగులోకి వచ్చి, ఈ ఒక్క పరీక్షతో తేలదనీ, వైరస్ ఇంకా ఒంట్లో ఉందో లేదో ఇంకో పరీక్షలో తెలుస్తుందనీ చెప్పింది. అందులోనూ ఉందనే వచ్చింది.

నా భయానికి కారణం ఉంది. మా పెదనాన్న కొడుకు చాలా ఏళ్ల కిందట ఇదే జబ్బుకు వైద్యం చేయించుకున్నాడు. వారానికో సూది, దానికి తోడు రోజూ మాత్రలు. సూది పడిన ప్రతిసారీ చలిజ్వరం. జుట్టు రాలి, మనిషి సగమయ్యాడు. అంత అనుభవించాక కూడా జబ్బు తిరగబెట్టింది. అది తలచుకుని, నాకు ఆ సూదులు వద్దని ముందే చెప్పేశాను.

ఆమె నవ్వింది. "ఆ కాలం పోయిందండీ. ఇప్పుడు రెండు మందులు కలిపి ఒకే మాత్రగా ఇస్తున్నాం. రోజుకొకటి, మూడు నెలలు. మానకూడదు. గ్యాస్ మాత్రలు మింగే అలవాటుంటే చెప్పండి. అవి దీన్ని ఒంటికి పట్టనివ్వవు."

మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరుకుతుందంది. ఆపరేషన్ సంగతి తరవాత చూద్దామంది.

సంగతి తెలిసిన మర్నాడే తెక్కలకోట నుంచి అక్క దిగింది. బావ అక్కడ వడ్ల వ్యాపారి. అమ్మ అంగట్లో నాన్నకు సాయంగా ఉంటే, చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిరిగింది అక్కే. సంచిలోంచి ఒక సీసా తీసి నా ముందు పెట్టింది. నిండా పచ్చటి పసరు.

"పరగడుపున తాగప్పా. మా ఊళ్లో ఇది తాగి బాగైనోళ్లు శానామంది ఉండారు. ఉప్పు, నూనె, కారం ముట్టొద్దు."

"ఇది కామెర్ల మందు గదక్కా. నాకు కామెర్లు యాడుండాయి?"

"కాలేయం రోగమంటే కామెర్లు గాకపోతే ఏంది? నాకే చెప్పొస్తాండావా?"

ఆ పూట ఉప్పులేని అన్నం తిన్నాను. పసరు మాత్రం ముట్టలేదు. ఈ పంచాయితీ డాక్టరమ్మే తీర్చాలని, మరుసటి రోజు అక్కను సీసాతో సహా ఆసుపత్రికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ సీసా వాసన చూసి పక్కన పెట్టింది. "ఇందులో ఏముందో మనకు తెలియదమ్మా. కాలేయానికి ఇంకా చేటు కావచ్చు. సారా, బ్రాందీ లాంటివి తప్ప మామూలుగా అన్నీ తిననివ్వండి." తరవాత, ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు కదా, చిన్నప్పుడు సూదులు వేయించుకున్నారా అని అడిగింది.

"వేయించుకోకుండా ఏందమ్మా! మా వీధిలో ఒకాయన ఉండె. జ్వరమొస్తే సూదే. నాకు పొడిచి, వీనికి పొడిచి, పక్కింటోళ్లకు పొడుస్తాండె. అందరికీ ఒకటే సూది."

"దానివల్లే వచ్చిందని ఇప్పుడు చెప్పలేం. కానీ మీరూ పరీక్ష చేయించుకుంటే మంచిది."

"నాకేం రోగమమ్మా? గుండ్రాయి మాదిరి ఉండా" అని అక్క లేచి నిలబడింది.

ఇంటికి వచ్చాక చెప్పాను: "నువ్వు పరీక్ష చేయించుకోకపోతే నేను మాత్ర ముట్టను."

"బెదిరిస్తాండావా నన్ను?"

"అవునక్కా."

మర్నాడు అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని రక్తం ఇచ్చింది.

అక్కకూ ఉంది. పైగా ఆమె కాలేయం నాకంటే ఎక్కువ గట్టిపడిందని స్కాన్‌లో తేలింది. అక్క మాత్రం, "ఇద్దరికీ ఒకటే మాత్రనా?" అని అడిగింది. అవునంది డాక్టరమ్మ. "అయితే ఒకేనాడు మొదలుపెడ్తాములే" అంది అక్క.

అక్క తన ఊరికి పోయింది. రోజూ టిఫిన్ వేళకు ఫోను.

"మింగితివా?"

"మింగినా. నువ్వు?"

"చేతిలో పెట్టుకోనుండా."

తలనొప్పి, కాస్త నీరసం తప్ప మమ్మల్ని ఆ మాత్ర పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఒకసారి కురుగోడులో పెళ్లికి పోయి అక్క మాత్రల డబ్బా ఇంట్లో మరిచిపోయింది. తాళి కట్టే వేళకు బావను బైకు మీద తెక్కలకోటకు తరిమింది.

అంతకు ముందు మేము కలిసేదే పెళ్లిళ్లలో. ఇప్పుడు ఆ ఫోన్లలో వడ్ల ధర నుంచి అమ్మ చేతి వంట దాకా అన్నీ వచ్చేవి. ఒకరోజు ఆమె గొంతు మారింది.

"సూదంటే నువ్వు శానా ఏడుస్తాంటివి. ముందు నాకు పొడవమని చెప్తాంటి. నాకు నొప్పి లేదని చూస్తే నువ్వు ఊరకుంటావని. నా నుంచే నీకు అంటిందేమోరా."

"మనకంటే ముందు ఆయన ఎవరికి పొడిచినాడో ఎవరికి తెలుసక్కా? నన్ను ఊరకుండబెట్టింది నువ్వు. అదే నాకు గుర్తుంటాది" అన్నాను.

"సరేలే, టిఫిన్ ఏం చేసినారు?" అంది.

మాత్రలు అయిపోయి ఇంకో మూడు నెలలు గడిచాక మళ్లీ రక్తం ఇచ్చాం. ఇద్దరి ఒంట్లోనూ వైరస్ లేదు. జబ్బు వచ్చిపోయిన గుర్తు రక్తంలో మిగిలే ఉంటుంది కాబట్టి మొదట చేసిన మామూలు పరీక్షలో ఇకమీదటా పాజిటివ్ అనే వస్తుందనీ, దానికి హడలిపోవద్దనీ డాక్టరమ్మ చెప్పింది. అక్క కాలేయానికి మాత్రం ఆరు నెలలకోసారి స్కాన్ తప్పదంది.

"ఆరు నెలలకోసారి బళ్లారికి రావల్లనా?" అంది అక్క, ఎవరో పండక్కి పిలిచినట్టు. "వస్తా లేమ్మా."

బస్టాండు పక్కన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. కారానికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తెక్కలకోట బస్సు వచ్చి హారన్ కొట్టింది. నేను లేవబోతే అక్క నన్ను కూర్చోబెట్టి, ఇంకో ప్లేటు చెప్పింది.

"పోనీలేప్పా, ఎనక ఇంకో బస్సు ఉండాది."