నీలి పట్టుమూట

మొన్న శనివారం గోంగూర ఒలుచుకుంటుంటే బెల్ మోగింది. తలుపు తీస్తే పొడుగాటి పిల్ల, నల్లటి జుట్టు నడుం దాటి ఉంది. రెండు అరచేతుల మీద నీలిరంగు పట్టుగుడ్డ మూట పట్టుకుని నిలబడింది. “ఆంటీ, గుర్తుపట్టారా?” అంటే వెర్రిమొహం వేశాను. నవ్వినప్పుడు బుగ్గలు పైకి లేచి కళ్లు రెండు గీతలైపోయాయి చూడండీ, అప్పుడు గుర్తొచ్చింది. పాత అపార్ట్‌మెంట్లో మా ఎదురింటి మంగోలియా పిల్ల! లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టాను. నెట్‌లో మా ఆయన పేరు వెతికి మా అడ్రసు పట్టుకుందట. వాళ్ల అమ్మమ్మ ఈ చలికాలం ఉలాన్‌బాతర్‌లో పోయిందట. “గుర్రం ఏడాదిలో పుట్టిన ఆంటీకి ఇది ఒకసారి చూపించమని ఎమే చెప్పింది,” అంది. ఎమే అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ. నా చేతిలో గోంగూర చేతిలోనే ఉండిపోయింది.

పదహారేళ్ల కిందటి మాట. హెర్న్‌డన్ అనే ఊళ్లో రెండో అంతస్తులో ఉండేవాళ్లం. మా అమ్మాయికి మూడేళ్లు, ఎదురింటి పిల్లకీ మూడేళ్లే. ఆ పిల్ల తల్లి హాస్పిటల్లో షిఫ్టులు చేసేది. పిల్లను చూసుకోవడానికి ఆర్నెల్ల వీసా మీద వచ్చిన పెద్దావిడ, ఆ అమ్మమ్మే, మా కథానాయిక. మొదటిరోజు వాళ్లింటికి వెళ్తే టీ ఇచ్చింది. కుడిచేత్తో గిన్నె పట్టుకుని, ఎడమచేయి కుడి మోచేతికి ఆనించి, మా ఊళ్లో పెద్దవాళ్లకు కానుక ఇచ్చినట్టు ఎంతో మర్యాదగా ఇచ్చింది. ఒక గుక్క తాగాను. ఓరి దేవుడా, ఉప్పు! మా ఆయన మాత్రం గుటుక్కున తాగేసి, “టీ అనుకోకు, వేడి మజ్జిగనుకో, దిగిపోతుంది,” అన్నాడు తెలుగులో. నిజంగానే దిగిపోయింది. నెల తిరిగేసరికి ఆ ఉప్పు టీ లేకపోతే నాకు సాయంత్రం గడిచేది కాదు.

ఆవిడకు ఇంగ్లీషు పదిమాటలు, నాకు మంగోలియన్ రెండు మాటలు. కూతురు ఇంట్లో ఉంటే మధ్యలో కూర్చుని చెప్పేది. ఆవిడ చిన్నప్పుడు గుండ్రటి ఉన్ని డేరాలో పెరిగిందట. మేత కోసం ఏడాదికి నాలుగుసార్లు ఇల్లు విప్పి ఒంటెల మీద కట్టుకుని వెళ్లిపోయేవాళ్లట. మా ఆయన ప్రాజెక్టుల పుణ్యమా అని మేమూ నాలుగేళ్లలో నాలుగు ఊళ్లు మారాం. ఒంటెల బదులు అద్దె ట్రక్కు, అంతే తేడా. అసలు మంగోలులంటే నాకు తెలిసిందల్లా బళ్లో చదివిన దండయాత్రలే. ఆ పాఠంలో వాళ్లకు గుర్రాలూ కత్తులూ ఉన్నాయి గానీ మనవరాలికి పాలల్లో రొట్టె నానబెట్టి తినిపించే అమ్మమ్మలున్నట్టు ఎక్కడా రాయలేదు.

ఇక నా ఘనకార్యం. మా నాన్న పాస్టరు. మా ఇళ్లల్లో పుట్టువెంట్రుకల మొక్కులూ అవీ లేవు. శనివారం సాయంత్రం అమ్మ మమ్మల్ని వరసగా పీట మీద కూర్చోబెట్టి ముందు జుట్టు కత్తిరించేది, ఆదివారం గుడికి, అంటే చర్చికి, వెళ్తే మొహాలు కనపడాలని. ఆ అలవాటే నాకూ వచ్చింది. ఒక శనివారం పెద్దావిడ మోకాళ్ల నొప్పులకు మందు తెచ్చుకోవడానికి కూతురితో వెళ్తూ పిల్లను మా ఇంట్లో వదిలింది. మా అమ్మాయి ముందు జుట్టు కత్తిరించి స్టూల్ మీంచి దించానో లేదో, “మీ టూ ఆంటీ!” అంటూ ఈ పిల్ల ఎక్కి కూర్చుంది. ఎప్పుడూ రెండు పిలకలు కట్టి ఉండేది. ఆరోజు విప్పితే జుట్టు కళ్లల్లో పడుతోంది, పాపం. నాలుగుసార్లు కత్తెర ఆడించాను. మొహం చందమామలా బయటపడింది. ఇద్దరి వెంట్రుకలూ ఒకే పేపర్ టవల్‌లో చుట్టి చెత్తలో పడేశాను. మా ఆయన ఆ సంచీ తీసుకెళ్లి కింద డంప్‌స్టర్‌లో, అదే పెద్ద చెత్తతొట్టిలో, వేసొచ్చాడు.

వాళ్లొచ్చారు. పిల్లను చూడగానే తల్లి చేతిలోని సంచీ కింద పడింది. “యూ కట్ ఇట్?” అని గోడకు ఆనుకుని ఏడ్చేసింది. అప్పుడు తెలిసింది. ఆ పిల్లకు పుట్టినప్పట్నుంచి కత్తెర తగల్లేదు. కడుపులో ఉన్న ఏడాదితో కలిపి వాళ్ల లెక్కలో నాలుగో ఏడు వచ్చింది. ఆడపిల్లకు రెండో ఏటనో నాలుగో ఏటనో వేడుకగా తొలి జుట్టు తీస్తారట. పై శనివారం పార్టీకి రమ్మని ఆ తల్లి మమ్మల్ని ముందే పిలిచింది అందుకే. పిల్ల పుట్టిన ఏడాదికి పొత్తు కుదిరే ఏడాదిలో పుట్టినవాళ్లే మొదటి కత్తెర వేయాలి. అలా అయితేనే పిల్ల బతుకు చల్లగా సాగుతుందని వాళ్ల నమ్మకం. ఆ వెంట్రుకలు పట్టులో కట్టి కలకాలం దాచుకోవాలి. ముఖ్యంగా ఆ వేడుక కోసమే ఆ ముసలావిడ సముద్రాలు దాటి వచ్చింది. తిరుగు టికెట్ పది రోజుల్లో ఉంది. అంత ఆశనూ నేను నాలుగు కత్తిరింపుల్లో చెత్తబుట్ట పాలు చేశాను.

పెద్దావిడ ఏడవలేదు. కూతురి భుజం మీద చేయి వేసి, నన్ను రెండే అడిగింది. జుట్టు ఎక్కడ? నువ్వు ఏ ఏడాది పుట్టావు?

పాస్‌పోర్ట్‌లో ఉన్న సంవత్సరం చెప్పాను. వాళ్లకు పన్నెండేళ్లకూ పన్నెండు జంతువుల పేర్లు. వేళ్ల కణుపుల మీద లెక్కేసింది. నాది పాము. పిల్లది కుక్క ఏడాది. కుదరదని తల అడ్డంగా ఊపింది. ఆ మొహం చూడలేక తల వంచుకున్నానా, అప్పుడు వెలిగింది. “ఆగండాగండి! అది నా అసలు పుట్టిన సంవత్సరం కాదు!” అని అరిచాను. బళ్లో త్వరగా వేయడానికి మా నాన్న ఒక ఏడాది కలిపి రాయించారు. ఎంత పాస్టరైనా ఆ ఒక్క అబద్ధం ఆడక తప్పలేదాయనకు. దివిసీమ ఉప్పెన తర్వాతి వేసవిలో పుట్టానని అమ్మ వందసార్లు చెప్పింది, సర్టిఫికెట్‌లోనేమో ఉప్పెన వచ్చిన ఏడాది ఉంది. ఆవిడ మళ్లీ లెక్కేసింది. “మోర్,” అంది. “గుర్రం,” అంది కూతురు కళ్లు తుడుచుకుంటూ, “గుర్రానికీ కుక్కకీ బాగా కుదురుతుంది.” ఇన్నేళ్లు ఇన్ని ఫారాల మీద భయపడుతూ సంతకం పెట్టిన ఆ తప్పు తారీకు వెనక నన్ను గట్టెక్కించే నిజం దాక్కుని ఉందన్నమాట.

ఇక జుట్టు. ముందు మా ఆయన, వెనక పిల్లల్ని చంకనేసుకుని ఆ తల్లీ నేనూ, కిందికి పరుగెత్తాం. వెనకాల మోకాళ్లు పట్టుకుంటూ పెద్దావిడ. మా ఆయన ప్యాంటు మడిచి డంప్‌స్టర్‌లోకి దిగాడు. “నిన్నెవరు కత్తెర పట్టమన్నారే తల్లీ! లీజింగ్ ఆఫీస్ వాళ్లు చూస్తే నా పరువేం కాను!” అంటూనే సంచులు ఒక్కొక్కటే పైకెత్తి చూపించాడు. మాది కనుక్కోవడం కష్టం కాలేదు. హెర్న్‌డన్ మొత్తమ్మీద గోంగూర కాడలున్న సంచీ ఇంకెవరిది? పేపర్ టవల్ పసుపు అంటి, తడిసి ఉంది. విప్పితే ఇద్దరి వెంట్రుకలూ కలిసిపోయాయి. రెండూ నలుపే, రెండూ మెత్తనే. ఏవి ఎవరివో తల్లులిద్దరం వెలుతుర్లో పెట్టి చూసినా తేలలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

పెద్దావిడ వాటిని దోసిట్లోకి తీసుకుని ఏదో అంది. కూతురు చెప్పింది: “మందలో గొర్రెపిల్లలు కలిసిపోతే తల్లులు వెతుక్కుంటాయి, పాలు ఇవ్వాలి కనక. వీటికి ఆ తొందర లేదు. కలిసే ఉండనీ అంటోంది.”

ఆ పై శనివారం వేడుక జరిగింది. కత్తెరకు నీలి పట్టు కట్టి, గుర్రం ఏడాది మనిషినని నాకే ముందు ఇచ్చారు. ఒక పాయ కత్తిరించాను. వాళ్ల ఊళ్లో అయితే పిల్లకు గుర్రప్పిల్లను ఇస్తారట. మా అపార్ట్‌మెంట్లో పిల్లికే సవాలక్ష రూల్స్, గుర్రమెక్కడ? మా అమ్మ పంపిన ఏటికొప్పాక లక్క గుర్రాన్ని, ఎడమచేయి మోచేతికి ఆనించి ఇచ్చాను. పెద్దావిడ నా తల దగ్గరికి తీసుకుని వాసన చూసింది. వాళ్ల ముద్దు అదే. కన్నతల్లి దగ్గరికి తీసుకున్నట్టే అనిపించింది. తర్వాత వారం వెళ్లిపోయింది. మళ్లీ చూడలేదు. మేం ఇల్లు మారాం, వాళ్లు ఊరు మారారు. మా అమ్మాయిప్పుడు దేశానికి ఆ చివర బాతెల్‌లో మా తమ్ముడింట్లో ఉండి చదువుతోంది, నేను మూడుసార్లు చేస్తే ఒకసారి ఎత్తుతుంది ఫోను.

మూట విప్పాను. చిన్న కుచ్చు, దాని కింద మడిచిన పేపర్ టవల్ ముక్క. పసుపు మరక అలాగే ఉంది. ఆవిడ దాన్ని కూడా పారేయలేదు. “ఇందులో నావి ఏవి ఆంటీ?” అని అడిగింది పిల్ల. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కళ్లజోడు పెట్టుకుని చూశాను. కన్నతల్లినై ఉండి నా కూతురివి నాకు తెలియలేదు. తెలియదమ్మా అన్నాను, ఏడుస్తూ. ఆ పిల్ల నా ఫోన్ అందించి మా అమ్మాయికి వీడియో కాల్ చేయమంది. ఏ కళనుందో, మా మహాతల్లి మొదటి రింగుకే ఎత్తింది. పదహారేళ్లలో ఇళ్లూ ఊళ్లూ పిల్లలూ అన్నీ ఎవరివి వాళ్లకు వేరైపోయాయి గానీ, ఆనాటి సాయంత్రం తెలియక నా కత్తెర కలిపినవాటిని కాలం కూడా విడదీయలేకపోయింది.