ఆకుపచ్చ టోపీ

ఆ రోజుల్లో నాకు ఆకలి, నిద్ర, అసూయ మూడూ పుష్కలంగా ఉండేవి. మొదటి రెండూ వయసుతో తగ్గాయి. నాచారంలో బోల్టులు చేసే చిన్న ఫ్యాక్టరీలో అప్పుడే సూపర్‌వైజర్‌గా చేరాను. ఉన్నట్టుండి మా ఓనరుకి పర్యావరణ సర్టిఫికెట్ మీద మనసైంది. తెచ్చుకోమని ఏ చట్టమూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పక్క షెడ్డు గేటు మీద ఆ బోర్డు చూసి వచ్చాడంతే. (మా ఫ్యాక్టరీలో అసూయ పైనుంచే కిందికి దిగింది.)

వాడేసిన నూనె ఎటు పోతోంది, చెత్త ఎక్కడ పడుతోంది అని నెలల తరబడి ఫైళ్ళు రాసింది నేను. నూనె ఒలికితే నీళ్ళు కొట్టకూడదు, రంపపు పొట్టు చల్లాలని అందరికీ నేర్పిందీ నేనే. తీరా తనిఖీకి వచ్చే ఆడిటర్ వెంట తిరిగే మనిషికిచ్చే ఆకుపచ్చ టోపీని మాత్రం మేనేజర్ సార్ తీసుకెళ్ళి, మేమంతా 'స్టైల్ తమ్ముడు' అని పిలిచే కుర్రాడి నెత్తిన పెట్టాడు. వాడు నా తర్వాత చేరినవాడు. "వాడు మంచిగ మాట్లాడ్తడు. నువ్వు ఫైళ్లు సూస్కో" అన్నాడు సార్. వాడు ఆ టోపీతో క్యాంటీన్‌కి కూడా వచ్చాడు. పైగా ఆ టోపీ వాడికి భలే నప్పింది.

ఆడిట్ రోజు పొద్దున్నే వాడి సెక్షన్‌లో ఆయిల్ డ్రమ్ము కుళాయిని కాస్త వదులు చేశాను. నాలుగు చుక్కలు పడితే చాలు, ఆడిటర్ ముందు వాడి పరువు పోతుందని నా ఆశ. ఆ కుళాయికి నా లెక్క తెలియదు కదా, చూస్తుండగానే మడుగు కట్టింది. ఇటునుంచి ఆడిటర్‌ని వెంటబెట్టుకుని టోపీ వస్తోంది. అటునుంచి మా ఛాయ్ పెద్దమ్మ, చేతిలో గ్లాసుల ట్రే, చూపంతా గ్లాసుల మీదే.

"పెద్దమ్మా, ఆగు! గాడ్నే ఆగు!" అని అరిచి, పొట్టు బకెట్ ఎత్తుకుని ఉరికాను. కుళాయి బిగించాను, పొట్టు చల్లాను, మోకాళ్ళ మీద కూర్చుని ఊడ్చాను. లేచి చూస్తే ఆడిటర్ చప్పట్లు కొడుతున్నాడు.

"బ్రహ్మాండం! ఇంత బాగా ఎవరు నేర్పించారండీ?"

నోరు తెరిచాను. తర్వాతి ప్రశ్న కుళాయి గురించి ఉంటుందేమోనని మళ్ళీ మూసేశాను.

"గీ టోపీ పిలగాడే సార్, మస్తు హుషారు" అంది పెద్దమ్మ. ఆయన రాసుకున్నాడు.

సాయంత్రం బస్టాపులో స్టైల్ తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, నువ్వు ఉరికి రాకుంటే పెద్దమ్మ నడుం ఇరుగుతుండె. నేర్పింది నువ్వేనని ఆడిటర్ సార్‌కు జెప్పిన, ఇన్లే. గిది నీదే" అంటూ టోపీ తీసి నా చేతిలో పెట్టాడు. ఉప్పల్ బస్సు వచ్చింది. వాడి పక్కన కూర్చునే ముఖం లేక, పనుందని చెప్పి ఇంటిదాకా నడిచాను.

ఆ టోపీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. ఇప్పుడు ఆడిట్‌లన్నీ చూసుకునేది నేనే. ఆడిటర్ వచ్చే రోజు ముందుగా వెళ్ళి డ్రమ్ముల కుళాయిలన్నీ రెండేసిసార్లు బిగించి వస్తాను. "సార్‌కు పర్యావరణం అంటే పానం" అంటారు కొత్తగా చేరినవాళ్ళు. వాళ్ళలో ఎవరినైనా ఆడిటర్ మరీ మెచ్చుకుంటుంటే మాత్రం, ఆయన గేటు దాటేదాకా నా చేతులు జేబుల్లోంచి తీయను.