పటికా, పటికబెల్లమా?

నిన్న కిరాణా కొట్లో పటిక, పటికబెల్లం పక్కపక్క సీసాల్లో కనిపించాయి. రెండూ తెల్లగా, గాజు పలుకుల్లా ఉంటాయి కదా, అందుకే కొట్టువాడి మాట నమ్మలేదు. తడివేలితో రుద్ది చూశాకే కొన్నాను. పటికబెల్లం జిగురుగా అంటుకుంటుంది, పటిక నున్నగా జారుతుంది. మా మామ్మ నేర్పిన పరీక్ష ఇది. మీ ఇళ్లలోనూ ఉండేవి కదూ, పటికబెల్లం దాచే, మూత బిగుసుకుపోయే ఆ ఇత్తడి డబ్బాలు?

నా చిన్నప్పుడు మా డబ్బాలో పటికబెల్లం రోజూ తగ్గుతుంటే మామ్మ నన్నే పట్టుకుంది.

"నువ్వే తినేత్తన్నావు కదే?"

"ఒట్టు మామ్మా, నేను కాదు!"

"మరి సీమలు మోసుకెల్లిపోనాయేటి?"

ఇంట్లో అందరికీ నేనే దొంగనైపోయాను. సగానికి తగ్గిన డబ్బా మర్నాటికి నిండుగా ఉంటే ఈసారి నాకు అనుమానం వచ్చింది. తడివేలితో రుద్దాను. అంటుకోలేదు. మామ్మ నా కోసమే పటిక పోసి ఉంచింది! చప్పుడు చేయకుండా మూత పెట్టేశాను.

మధ్యాహ్నం తాతయ్య మూతి వంకరగా పెట్టుకుని వంటింట్లోంచి వచ్చారు. షుగరుందని డాక్టరు ఆయనకు తీపి మాన్పించి అప్పటికి నెలైంది.

"ఏటే, ఈ పటికబెల్లం ఇంత వగరుగా ఉందేటి? నోరు పిడసకట్టుకుపోతంది!"

ఈమధ్య మా ఇంట్లోనూ డబ్బా తగ్గుతోంది. మా ఆయనకు షుగరు. నిన్న నేను కొన్నది పటిక.