లేని రాయికి ఉలవకట్టు

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ తరలిపోయిన 2021లో, దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే మూత్రకోశ వ్యాధుల దవాఖానలో నన్ను వార్డు నుంచి షాక్‌వేవ్ గదికి మార్చారు. హోదా మారలేదు, ఆయమ్మనే. పైన టెక్నీషియన్, ఆయనపైన డాక్టరుగారు. పక్క దుప్పటి మార్చడం, జెల్లీ సీసా అందించడం, తలుపు దగ్గర కాపలా ఉండడం నా పని. వైద్యం జరుగుతున్నంతసేపు నేను బయటే ఉండాలి. జెల్లీ సీసా అయిపోయిందని పారేయబోతే ఒప్పుకునేదాన్ని కాదు, తలకిందులుగా నిలబెట్టి మర్నాడు వాడించేదాన్ని.

మగవాళ్లకు అంగం గట్టిపడని ఇబ్బందికి అక్కడ వైద్యం చేసేవారు. పేరులో షాక్ ఉన్నా అది కరెంటు కాదు. జెల్లీ రాసి యంత్రం మొన ఆనిస్తే, సన్నటి దెబ్బల్లాంటి అలలు టకటకమంటూ లోపలికి పోతాయి. మత్తు అక్కర్లేదు. రక్తనాళాల్లో రక్తం బాగా పారాలని కొన్ని వారాలపాటు చేస్తారు. అందరికీ గుణం కనిపిస్తుందని మాట ఇవ్వలేనని డాక్టరుగారు మొదటిరోజే చెప్పేవారు. ఇదే జాతి అలలను బాగా గట్టిగా కొట్టి మూత్రపిండాల్లో రాళ్లు పగలగొడతారు. దానికి పెద్ద యంత్రం వేరే గదిలో ఉండేది.

ఆ పోలిక పట్టుకుని మా టెక్నీషియన్ ఒక అలవాటు చేసుకున్నాడు. సిగ్గుపడే రోగులకు, ఇంట్లో అడిగితే రాయికి వైద్యమని చెప్పుకోమనేవాడు. దానివల్ల ఎవరికీ నష్టం లేదనుకునేవాళ్లం.

శ్రీనివాస్ అలాగే చెప్పుకున్నాడు. పోచంపల్లి నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్న కుటుంబం. వయసు నలభైకి దగ్గర, షుగరు ఉంది, పెళ్లయి రెండేళ్లు. ఒకరోజు అతను లోపల ఉండగా తల్లి యాదమ్మ స్టీలు డబ్బాతో వచ్చి నా పక్కన కూర్చుంది. డబ్బాలో ఉలవకట్టు, రాయి కరగడానికట.

"అక్కా, మా ఆడిబిడ్డ మొగనికి రాయి వలగ్గొట్టి సీసల వోసిచ్చిండ్రు. మావోనిది ఎప్పుడిస్తరు? ఇన్ని వారాల సంది కొడ్తున్నరు, అది రాయా, బండనా?"

"డాక్టర్‌ సారును అడుగమ్మా" అన్నాను. రోగి సంగతి బయట పెట్టకూడదని మాకు మొదటినుంచీ నేర్పిన నియమం.

ఆమె ఆగలేదు. కోడలు మౌనికకు పిల్లలు కావడం లేదని, లోపం ఆ పిల్లలోనే ఉందని, ఆదివారం తాముండే అల్మాస్‌గూడలో పెద్దమనుషులను కూర్చోబెట్టి తెగదెంపులు చేసుకుంటామని చెప్పింది. "రెండేండ్లు సూసినం. ఏమన్న అడిగితే నోరు ఇప్పది. తప్పు లేనోళ్లు గట్ల ఉంటరా?"

ఆ పిల్ల ఎందుకు నోరు విప్పడం లేదో నాకు అర్థమైంది, మొగుడి గుట్టు దాస్తోంది. అయినా ఆమెకు నేనేమీ చెప్పలేదు, చెప్పే హక్కు నాకు లేదు. వైద్యం అయి టెక్నీషియన్ బయటికి వచ్చాక దుప్పటి మార్చడానికి లోపలికి వెళ్లాను. శ్రీనివాస్ చొక్కా సర్దుకుంటున్నాడు.

"బిడ్డా, మీ అమ్మ బయట కూసున్నది. నీ ముచ్చట నా నోట్లకెళ్లి రాదు. గాని ఆదివారం ఆ పిల్లను నలుగుర్ల నిలవెడ్తున్నరట, ఎరుకేనా?"

"ఎరుకే ఆయమ్మా" అన్నాడు నేల చూస్తూ. "అమ్మకు ఎట్ల చెప్పాలె? మల్ల నా మొఖం ఎట్ల సూపియ్యాలె?"

"ఆ పిల్ల ఎట్ల సూపిస్తది?"

దుప్పటి మడిచి, కొత్తది పరిచాను. అప్పటికీ అతను అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత బయటికి నడిచి, తల్లి ముందు ఆగి, "నాకు రాయి లేదమ్మా" అన్నాడు. "మౌనికకు ఏం లోపం లేదు. వైద్యం నాకే."

యాదమ్మ ముందు నవ్వింది, డాక్టర్లు మభ్యపెట్టారనుకుంది. అతనే ఆమెను డాక్టరుగారి గదికి తీసుకెళ్లాడు. ఇది షుగరుతో వచ్చిన జబ్బని, దీనివల్ల మగతనం తక్కువైనట్టు కాదని, భార్యకు దీనితో సంబంధం లేదని డాక్టరుగారు చెప్పారట. బయటికి వచ్చాక ఆమె నాతో ఒక్క మాటే అంది: "పిల్లను ఎన్ని మాటలన్న అక్కా."

ఆదివారం పంచాయితీ జరగలేదు. తరువాతి వారాల్లో శ్రీనివాస్ వెంట మౌనిక వచ్చి కూర్చునేది. షుగరు అదుపులోకి వచ్చింది, మాత్రలు కూడా వాడాడు. కొంత మేలు కనిపించిందని విన్నాను. అది యంత్రం వల్లనా, మాత్రల వల్లనా అన్నది డాక్టరుగారే తేల్చి చెప్పలేదు. పిల్లల సంగతి నాకు తెలియదు, నేను అడగలేదు.

రాయి అని చెప్పుకోమనే అలవాటును డాక్టరుగారు ఆ వారమే మాన్పించారు. రోగి గుట్టు దాచడం దవాఖాన పని, అందులో మార్పు లేదు. అబద్ధం అల్లి ఇవ్వడం మాత్రం మా పని కాదు. గుట్టు వల్ల ఇంకొకరు నింద మోస్తుంటే, ఆ మాట రోగికే, ఒంటరిగా, మొహం మీద చెప్పాలి. తర్వాత ఏం చేయాలన్నది అతని ఇష్టం. పోయినేడు పని మానేసేదాకా నేను ఇదే పాటించాను.