రెండు మీటల పెట్టె

విస్సన్నపేట బస్టాండు వెనక రేడియోలు బాగుచేసే సువర్ణరాజు 1987లో ఒక వీడియో డెక్కు కొన్నాడు. టీవీలున్న ఇళ్లకు మామిడికొమ్మల మీదుగా వైర్లు లాగి, మధ్యాహ్నాలు సినిమాలు వేసేవాడు. ఏ సినిమా వేయాలన్నదాని మీద రోజూ గొడవే. దానికి అతనే ఒక ఉపాయం ఆలోచించాడు. ప్రతి టీవీ మీదా సబ్బుపెట్టెంత చెక్కపెట్టె పెట్టి, ఆ రోజు దొరికే రెండు సినిమాలకు గుర్తుగా ఎర్రదీ పచ్చదీ రెండు మీటలు బిగించాడు. ఎర్రమీట నొక్కితే షాపులోని బోర్డు మీద ఆ ఇంటి పేరు పక్కన ఎర్రబల్బు, పచ్చమీట నొక్కితే పచ్చబల్బు వెలుగుతాయి. ఏ రంగు ఎక్కువైతే ఆ క్యాసెట్టు డెక్కులోకి వెళ్తుంది. తాము నొక్కితే బొమ్మ మారుతోందని జనం మురిసిపోయారు.

మామిడితోటల రైతు బసవపున్నారావు గారి భార్య పుష్పవతికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. పిల్లలు లేరు. ఏ కూర వండాలో, తనకు ఏ చీర కట్టాలో అన్నీ పనిమనిషే తేల్చేది. సువర్ణరాజు ఆ పెట్టెను ఆమె ఎడమచేతికి అందేలా మంచం పక్కన బిగించాడు. ఆ ఇంట్లో ఆమె కోరితే జరిగేది అదొక్కటే.

కోతల కాలంలో ఊరంతా తోటల్లో ఉండేది. మధ్యాహ్నం ఆమె బల్బు ఒక్కటే వెలిగేది. ఆమె అడిగిందే అతను వేసేవాడు, మళ్లీ అడిగితే మళ్లీ వేసేవాడు. బోర్డు రోడ్డువైపు ఉండేది. పక్క కొట్లో టీ తాగేవాళ్లు చూసి, వాళ్లిద్దరికీ ముడిపెట్టి నవ్వుకున్నారు. ఆ నవ్వు మామిడికాయలు తూచే కాటా దాకా పాకి, బసవపున్నారావు చెవిన పడింది. సాయంత్రం ఆయన భార్యను ఒక్క మాటా అడగకుండా వైరు పీకేశాడు.

సువర్ణరాజు పరుగున వెళ్లి తనకే పాపమూ తెలియదన్నాడు.

"నాకు తెలుసులేరా. నీ తప్పు లేదు, ఆమె తప్పూ లేదు. కానీ నా ఇల్లాలు ఎప్పుడు ఏం చూస్తుందో టీ కొట్లో వాళ్లకెందుకు?" అన్నాడాయన.



వానలు పడేసరికి పుష్పవతి మాట తగ్గించింది, అన్నం తగ్గించింది. చివరికి బసవపున్నారావే కబురు పెట్టాడు. సువర్ణరాజు వైరు చుట్ట భుజాన వేసుకుని వెళ్లి, మంచానికి ఎడంగా నిలబడ్డాడు.

"బోర్డు తీసేశానండీ అమ్మగారూ. ఇక ఎవరికీ తెలీదు."

"మరి నేనడిగింది నీకెలా తెలుస్తుంది?" అంది ఆమె, మాట ముద్దగా వస్తుంటే.

అతను వైరు చుట్టను భుజం మార్చుకున్నాడు.

"వద్దులే సువర్ణరాజూ. మీట మీద చెయ్యేస్తే ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది నాకు."

ఆ ఏడాదే అతను డెక్కు అమ్మేసి, నూజివీడులో మోటార్లకు వైండింగ్ చేసే పనిలో కుదిరాడు. మరుసటి వేసవిలో పుష్పవతి పోయిందని తెలిసి మొదటి బస్సుకే వచ్చాడు. ఇంటిదాకా వెళ్లకుండా వీధి మలుపులో నిలబడ్డాడు. పాడె ముందు నడుస్తున్న బసవపున్నారావు అతన్ని చూసి, రమ్మన్నట్టు తల ఊపాడు. సువర్ణరాజు కదల్లేదు. అందరూ దాటిపోయాక, అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాడు.