మా పై పోర్షన్‌లో రష్యా మాఫియా

మొన్న పదో తరగతిలో ఒక పిల్ల లేచి, “మేడం, రష్యా మాఫియా నిజంగ ఉన్నదా, ఉట్టి ముచ్చటనా?” అని అడిగింది. పాఠం రష్యా గురించే కాబట్టి పిల్ల అడగడంలో తప్పు లేదు. సాంఘికశాస్త్రం చెప్పీ చెప్పీ నా తల నెరిసింది, ఏ ప్రశ్నకైనా నాలుగు ముక్కలు చెప్పి కూర్చోబెట్టగలను. ఆ రోజు మాత్రం “ముందు పుస్తకం తియ్” అని గదమాయించాను. వెనక బెంచీలోంచి ఇంకో గొంతు, “ఉన్నదే. మన మేడమోళ్లింట్ల కిరాయికుండె గదా” అంది. క్లాసంతా నవ్వింది. నేను బోర్డు వైపు తిరిగి, రాసిందే మళ్లీ రాశాను.

ఆ ముచ్చట ఇబ్రహీంపట్నంలో పుట్టించింది నేనే.

ఆయన మా పై పోర్షన్‌లోకి వచ్చింది ఒక ఎండాకాలం చివర. ఆదిబట్ల వైపు విడిభాగాలు చేసే ఒక కంపెనీలో కొత్త మిషన్లు బిగించడానికి రష్యా నుంచి వచ్చిన మనిషి. యాభై దాటి ఉంటాయి. తలుపులోంచి వంగి రావాల్సినంత ఎత్తు, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న ముక్కు, ముంజేతి మీద రంగు వెలిసిన పచ్చబొట్టు. మొదటిసారి చూసినప్పుడు నాకూ గుండె ఝల్లుమంది. ఒంటరి ఆడదాన్ని, భర్త పోయి చాలా కాలమైంది, ఇలాంటి వాణ్ని ఇంట్లో పెట్టుకుంటున్నానే అనుకున్నాను. వారం తిరక్కుండానే తెలిసింది, నేను చూసిన మగవాళ్లలో ఆయనంత మెత్తటి మనిషి లేడని. మెట్లు దిగేటప్పుడు కింద నేను పడుకుని ఉంటానేమోనని చెప్పులు చేతిలో పట్టుకుని దిగేవాడు.

ఆయనకు తెలుగు రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఫోన్‌లో ఆయన భాషలో ఏదో అనేవాడు, ఫోన్‌లోంచి ఒక ఆడమనిషి వార్తలు చదివినట్టు తెలుగులో చెప్పేది. “నమస్కారం. నీటి ట్యాంకు నిండినది. నేను మోటారును ఆపివేయుచున్నాను.” ఆ భారీ మనిషి నోటికి ఆ సన్నటి గొంతు తగిలించినట్టుండేది. నేను నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. ఆయనా నవ్వేవాడు.

ఆదివారాలు మార్కెట్‌కు పోయి కీరదోసకాయలు, సోయకూర, వెల్లుల్లి తెచ్చి పెద్ద గాజు సీసాలో ఉప్పునీళ్లు పోసి ఊరబెట్టేవాడు. అదీ పచ్చడట! కారం లేదు, ఆవపిండి లేదు, నూనె చుక్క లేదు. “ఇది పచ్చడైతే మరి మాది ఏంది?” అని అడిగాను. ఫోన్ ఆడమనిషి, “మీది అగ్ని” అంది. ఆకుకూరలమ్మే ఆమె దగ్గరే ఎప్పుడూ సోయకూర కొనేవాడు. ఆమె ఒక కట్ట కొసరు వేసేది. ఇంటికి వచ్చేటప్పుడు చౌరస్తా దగ్గర చాయ్ హోటల్లో ముసలివాళ్ల మధ్య కూర్చుని చాయ్ తాగేవాడు. వాళ్ల మాటలు ఆయనకు తెలియవు, ఆయన మాటలు వాళ్లకు తెలియవు, అయినా గంటసేపు కూర్చునేవాళ్లు. ఇంటికి అన్ని వేల మైళ్ల దూరంలో ఆయనకున్న తోడు అదే. పని నుంచి వచ్చాక తన గదిలో గోడలను చూస్తూ కూర్చోకుండా ఉండడానికి ఉన్న చోట్లు ఆ రెండే.

ఇక నా జాగ సంగతి. శేరిగూడ దగ్గర మా నాన్న పసుపుకుంకుమ కింద నాకు ఇచ్చిన చిన్న చెక్క. మిగతా పొలమంతా నా తమ్ముళ్లు వెంచర్ వాళ్లకు అమ్ముకున్నారు. నేను అమ్మలేదు. మా నాన్న నడిచిన మట్టి అక్కడ అంతే మిగిలింది. ఒకరోజు వెళ్లి చూస్తే హద్దు కడీలు, అంటే నేనే దగ్గరుండి పాతించిన రాతి కంబాలు, నా జాగలోకి జరిగి ఉన్నాయి. జరిపించింది ఎవరో కాదు. నా దగ్గరే ఎనిమిదో తరగతి చదువుకున్నవాడు. దేశాల సరిహద్దుల పాఠం వాడికి చెప్పింది నేనే, అంత బాగా ఒంటబట్టింది! తెల్ల చొక్కా, తెల్ల కారు, వెనక నలుగురు. ఊరంతా వాణ్ని ‘అన్న’ అంటుంది. నన్ను చూడగానే వంగి కాళ్లకు మొక్కాడు.

“మీరు ఫికర్ చెయ్యకుండ్రి మేడం. సర్వేల జర ఫరక్ వచ్చింది, గంతే. కూసోని మాట్లాడుకుందాం. మీకు అన్యాలం చేస్తనా?”

కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుందో ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. స్టేషన్‌కు పోతే కోర్టుకు పొమ్మన్నారు. కోర్టుకు పోతే నా తరం కాదని వకీలే చెప్పాడు. తమ్ముళ్లు, “అమ్మెయ్యరాదే అక్కా, గీ లొల్లంత ఎందుకు?” అన్నారు. అన్నం సయించేది కాదు. రోజూ బడి కాగానే ఆటోలో పోయి ఆ కడీలను చూసి వచ్చేదాన్ని, కాపలా ఉంటే ఆగుతాయన్నట్టు.

ఒక సెలవురోజు ఆయన నా మొహం చూసి, తోడు వస్తానని సైగ చేశాడు. ఇద్దరం వెళ్లాం. అక్కడ మా ‘అన్న’ తన మనుషులతో నిలబడి టేపు పట్టి కొలుస్తున్నాడు. ఆటోలోంచి ఆయన దిగాడు, ఇంకా దిగుతూనే ఉన్నట్టు అనిపించింది వాళ్లకు. కొలిచేవాడి చేతిలో టేపు వదులైంది.

“ఎవరు మేడం గీయన?”

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. నేనన్నాను కదా: “నా ఇంట్లనే ఉంటుండు. రష్యా. ఆడ మాఫియాల ఉండెనంట. గీ జాగ మీద మనసుపడ్డడు. నేనైతే ఇస్తనన్న.”

ఆ మాట అనగానే పక్కనున్న ఆయన తల ఒక్కసారి నా వైపు తిరిగింది. నేను పట్టించుకోలేదు. ఎందుకంటే ‘అన్న’ మొహంలో అప్పటిదాకా ఎన్నడూ చూడనిది చూశాను. భయం. అబ్బ, ఎంత హాయిగా ఉందో! వాడు ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. ఆయన కూడా మర్యాదగా దండం పెట్టాడు. తర్వాతి వారం కడీలు వాటి చోటికి అవే నడిచి వెళ్లినట్టు వెళ్లిపోయాయి. మా నాన్న ఆ చేలో తన పాత అంగీ తొడిగి దిష్టిబొమ్మను నిలబెట్టేవాడు. నేను అదే చోట బతికున్న మనిషిని నిలబెట్టాను.

వెంటనే గోడ మొదలుపెట్టించాను. పునాది తీస్తుండగానే ముచ్చట ఊరంతా పాకింది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఎవరి పిడికెడు వాళ్లు వేశారు. ఆయన దగ్గర పిస్తోలు ఉందన్నారు. ఆ పచ్చబొట్టు చంపినవాళ్ల లెక్క అన్నారు. కంపెనీ పని వేషమట, తుక్కుగూడ దాకా భూములన్నీ కొనడానికి వచ్చాడట. బడిలో తోటి టీచర్ “అవునా?” అని గుసగుసగా అడిగితే కాదనలేదు. “మనకెందుకు తియ్” అన్నాను. కాదనడం కన్నా అది ఎక్కువ పని చేస్తుందని తెలిసే అన్నాను.

కొన్నాళ్లకు ఆయన సంతోషంగా వచ్చి ఫోన్ నోట చెప్పించాడు. “ఈ ఊరి ప్రజలు చాలా దయగలవారు. నా వద్ద డబ్బు తీసుకొనుట లేదు.” చాయ్ హోటల్లో తీసుకోవడం లేదు, మంగలి తీసుకోవడం లేదు, ఆకుకూరలామె అసలే తీసుకోవడం లేదు. “అవ్, మంచోళ్లు” అన్నాను.

ఆ తర్వాతి ఆదివారం సోయకూర కట్ట నా ముందు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఫోన్‌తో కొంచెం కొంచెంగా చెప్పాడు. ఆ యంత్రం గొంతు ఏ మాటకూ వణక్కుండా చెప్పుకుపోయింది.

“నా సోదరునికి ఒక చిన్న దుకాణం ఉండేది. ప్రతి వారం కొందరు వ్యక్తులు వచ్చేవారు. సామాను తీసుకునేవారు. డబ్బు ఇచ్చేవారు కాదు. అందరూ వారిని మర్యాదగా పిలిచేవారు. నా సోదరుడు వారిని చూసి నవ్వేవాడు. అది భయంతో నవ్వే నవ్వు. ఒక రోజు అతను డబ్బు అడిగాడు.” ఆయన తన ముక్కు మీద వేలు పెట్టుకున్నాడు. “నేను అడ్డు వెళ్లాను. దుకాణమును తగలబెట్టారు. నా సోదరుడు దాని తర్వాత ఎక్కువ కాలం జీవించలేదు.”

మళ్లీ ఫోన్ ఎత్తాడు. “నేడు ఆకుకూరల మహిళ నన్ను చూసి అదే నవ్వు నవ్వింది.”

నేను సోయకూర ఆకులు గిల్లుతూ కూర్చున్నాను.

“వారు మాఫియా అంటున్నారు. మా భాషలో కూడా ఆ మాట అదే. వారికి ఎవరు చెప్పారు?”

“తెల్వదు” అన్నాను.

“మీరు ఉపాధ్యాయురాలు. మీరు చెబితే నమ్ముతారు. దయచేసి చెప్పండి.”

నేను చెబితే నమ్ముతారని నాకు తెలియదా! నమ్మారు కాబట్టే కదా ఇదంతా. చెబుతానని తల ఊపాను. నిజంగానే చెబుదామనుకున్నాను కూడా. కానీ గోడ అప్పటికి నడుము ఎత్తే లేచింది. ఆకుకూరలామెకు పొద్దున చెబితే సాయంత్రానికి ‘అన్న’ చెవిలో పడుతుంది. వేరే చోట స్లాబ్ పనులున్నాయని మేస్త్రీ రెండు వారాలు రాలేదు. గోడ కాగానే చెబుతానని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన అడిగితే మాత్రం, “చెప్పిన. జర టైం పడ్తది” అన్నాను. పిల్లలు హోంవర్కు ఇంట్లో మర్చిపోయామని అబద్ధమాడితే మోకాళ్ల మీద నిలబెట్టే టీచర్ని నేను.

నా మాట నమ్మి ఆయన మళ్లీ మార్కెట్‌కు పోయాడు. ఆమె వద్దంటున్నా నోటు బుట్ట కింద దోపి వచ్చేశాడు. ఆ సాయంత్రమే ఆమె మా గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. కొంగులో ముడేసిన నోటు విప్పి నా చేతిలో పెట్టబోయింది.

“అమ్మా, సారు మర్సిపోయిండు. నేనేం అడగలేదని చెప్పుమ్మా. పిల్లలున్నదాన్ని. నీకు దండం పెడ్త, సారుకు కోపం రాకుండ సూడుమ్మా.”

ఆమె చేతులు నిజంగానే జోడించి ఉన్నాయి. ఒక్క మాట చాలు. ‘పిచ్చిదానా, ఆయన మిషన్లు బిగించే మనిషి, నేను ఉట్టిగ అన్న’ అంటే చాలు. కానీ అప్పటికింకా నా జాగకు గేటు పెట్టలేదు. ఆ గేటే నా కళ్ల ముందు మెదిలింది, ఏం చెయ్యను.

“సరే, ఇస్త తియ్. నేను చెప్తలే” అని నోటు తీసుకున్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. నేను తిరిగి చూస్తే మెట్ల మీద ఆయన, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలియదు. మా మాటలు అర్థమయ్యే అవకాశం లేదు. కానీ జోడించిన చేతులు, చేతులు మారిన నోటు చూస్తే అర్థం కానిదేముంది? ఆయనకు అవి కొత్తవా? వచ్చినంత మెల్లగా పైకి వెళ్లిపోయాడు.

నెల తిరగకముందే కంపెనీ వాళ్ల క్వార్టర్స్‌కు మారిపోయాడు. వెళ్లే రోజు గది కడిగి, తాళంచెవి ఇచ్చి, ఊరబెట్టిన దోసకాయల సీసా గుమ్మంలో పెట్టాడు. ఆయన మొహంలో కోపం కోసం వెతికాను. కోపముంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఆయన ఫోన్ తీసి ఒకే మాట చెప్పించాడు.

“గోడ పూర్తయిన తర్వాత అయినా వారికి చెప్పండి.”

అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు జాగలో నా మాటకు ఆయన తల తిరగడం. మాఫియా అన్న మాట నా నోట ఆయన అప్పుడే విన్నాడు, అది ఊరంతా పాకిందని మాత్రం ఆకుకూరలామె నవ్వు చూశాకే తెలిసి ఉంటుంది. ఎవరు చెప్పారని అడిగింది తెలియక కాదు. నాకు ఒక అవకాశం ఇవ్వడానికి.

రష్యా మాఫియా ఉందా అంటే, ఉంది బిడ్డా, ఒక చిన్న దుకాణాన్ని తగలబెట్టేంత ఉంది. అది ఇక్కడికి రావాల్సిన పని లేదు, ఇక్కడ దాని పని చేసేవాళ్లు ఇక్కడే ఉన్నారు. పేపర్లో రోజూ ఇసుక మాఫియా, భూమాఫియా అని చదువుతాం, ఎదురుపడితే ‘అన్న’ అంటాం. ఇంత చెప్పాక ఆ పిల్ల, మరి మీ ఇంట్ల ఉన్నాయన ఎవరు మేడం అని అడుగుతుంది. అందుకే పుస్తకం తియ్యమన్నాను.

గోడ ఎప్పుడో పూర్తయింది. గేటు కూడా పెట్టించాను. ఆకుకూరలామె బుట్ట ముందునుంచి పోలేక, నేను ఇప్పుడు అటువైపు మార్కెట్‌కే పోవడం లేదు. నిన్న సాయంత్రం జాగ చూసుకోవడానికి వెళ్తే, తెల్ల కారు నా పక్కనే ఆగింది. వాడు దిగి కాళ్లకు మొక్కి, గోడ పొడుగునా చూపు తిప్పాడు.

“గోడ మంచిగ కట్టిచ్చిండ్రు మేడం. రష్యా సార్ కనవడ్తలేడు? పోయిండా ఏంది?”

గోడ పూర్తయింది కదా, ఇక చెప్పొచ్చు. చెప్పమనే కదా ఆయన అడిగిపోయాడు.

“ఏడికి పోతడు” అన్నాను. “వచ్చే నెల వస్తుండు.”